కామిక్ గ్రేడు మీద తగువు పడాలంటే

సంపాదకులకు నమస్కారం.

పాత కామిక్ పుస్తకాలకు లక్షలు పలుకుతున్నాయని వార్త వచ్చినప్పుడల్లా కోనసీమలోనూ, పాలకొల్లు, భీమవరం, రాజమండ్రి వైపూ అటకల మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగుతున్నాయి. ఇంద్రజాల్ కామిక్స్, అమర్ చిత్ర కథలు, అమెరికాలో ఉన్న చుట్టాలు ఎప్పుడో తెచ్చిన మార్వెల్, డీసీ పుస్తకాలు అందులోంచి బయటపడుతున్నాయి. వాటిని గ్రేడింగ్‌కి, అంటే పుస్తకం ఎంత బాగా ఉందో చూసి మార్కు వేసే కంపెనీలకి పంపేవాళ్లూ, గ్రేడు వేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసిన పుస్తకాలు కొనేవాళ్లూ పెరిగారు. దాంతోపాటే ఒక ఫిర్యాదూ పెరిగింది: '9.4 రావలసిన పుస్తకానికి 8.0 వేశారు, ఎవరికి చెప్పుకోవాలి?' పాత కామిక్స్ సేకరించే కొందరం కలిసి దీనికి జవాబు రాస్తున్నాం. గ్రేడుని నిలదీయొచ్చు. కానీ ఏ తప్పుకి ఎవరిని అడగాలో తెలియక, అడగవలసిన గడువు దాటిపోయి, చేతిలో రుజువు లేక చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఆ రుజువు పుస్తకం ఇల్లు దాటక ముందే తయారు కావాలి. పెట్టెలో సీలైపోయాక తయారు చేసుకోవడం కుదరదు.

కామిక్ గ్రేడింగ్‌లో అందరికీ తెలిసిన పేరు సీజీసీ. 2000లో అమెరికాలో మొదలైంది. 2014లో అలాంటిదే ఇంకో కంపెనీ, సీబీసీఎస్ వచ్చింది. సీజీసీ కొలబద్ద 0.5 నుంచి 10.0 దాకా, మొత్తం 25 మెట్లు. ఈ మెట్లు సమానమైన ఎత్తులో ఉండవు. 2.0 నుంచి 9.0 దాకా అర మార్కు చొప్పున ఎక్కుతాయి. ఆ పైన ఇరుకైపోతాయి: 9.0, 9.2, 9.4, 9.6, 9.8, 9.9, 10.0. ఒక్క మార్కు వ్యవధిలో ఏడు మెట్లు. తగువుల్లో ఎక్కువ భాగం ఇక్కడే, డబ్బూ ఇక్కడే. స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 1962 నాటి 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచిక 9.6 కాపీ ఒకటి 2011లో 11 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అయిదేళ్ల తర్వాత, 2016లో, 9.4 కాపీకి వచ్చినవి 4,54,100 డాలర్లు. 2021లో 9.6 కాపీ 36 లక్షల డాలర్లకు పోయింది. ఆ 0.2 అంటే ఒక్కోసారి వెన్ను మీద రెండు సన్న గీతలు, ఒక మూల కాస్త మొద్దుబారడం. అంతకంటే ఏమీ ఉండదు.

గ్రేడు ఎలా పడుతుందో తెలిస్తే తప్పు ఎక్కడ దూరుతుందో తెలుస్తుంది. పుస్తకం అందగానే పేజీలు లెక్కపెడతారు. మధ్య పేజీ పిన్నుల నుంచి ఊడిందా, లోపల ఎవరైనా కూపన్ కత్తిరించుకున్నారా చూస్తారు. 1974లో 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' 181 లాంటి మార్వెల్ పుస్తకాల లోపలి పేజీల్లో స్టాంపులు అచ్చేసి, కత్తిరించి అంటించుకోమన్నారు. పైకి కొత్తదానిలా ఉన్న కాపీలో ఆ స్టాంపు లేకపోతే గ్రేడు కుప్పకూలుతుంది. అట్టని మాత్రమే చూసి కొన్నవాళ్లు అక్కడే దెబ్బతింటారు. ఆ తర్వాత భూతద్దం కిందా అతినీల కాంతి కిందా రంగు పూత, జిగురు, అంచుల కత్తిరింపు వెతుకుతారు. ఆపైన ఒకరికి మించిన గ్రేడర్లు చూస్తారు, చివరి గ్రేడరు అంకె ఖాయం చేస్తాడు. కాగితం తెల్లగా ఉందా, మీగడ రంగుకి తిరిగిందా, పెళుసెక్కిందా అన్నది లేబుల్ మీద విడిగా రాస్తారు. పెట్టెలో పెట్టేముందు రెండు అట్టల వెనకా ఒక్కో పల్చని తెల్ల కాగితం ఉంచుతారు. కాగితం వదిలే ఆమ్లాన్ని పీల్చుకోవడానికి అది. పక్కనుంచి చూస్తే ఆ కాగితం కనబడి 'మా పుస్తకంలో వేరే పేజీ పెట్టారు' అని కంగారు పడేవాళ్లున్నారు. అది తప్పు కాదు, ఉండాల్సిందే.

పెట్టె చేతికి రాగానే అంకె చూసి ఆగిపోకండి. ముందు లేబుల్ రంగు చూడండి. నీలం మామూలు గ్రేడు. పసుపు, కంపెనీ మనిషి ఎదుట చేసిన సంతకానికి. ఆకుపచ్చ, ఒక పెద్ద లోపాన్ని పక్కనపెట్టి మిగతా పుస్తకానికి అంకె వేసినప్పుడు. ఊదా రంగు అంటే పుస్తకానికి మరమ్మతు జరిగిందని. మన దగ్గర గొడవలు ఎక్కువగా ఈ ఊదా రంగు మీదే అవుతాయి. దానికి కారణం కూడా మన దగ్గరే ఉంది.

గోదావరి జిల్లాల్లో పుస్తకం అంటే ప్రాణం. చందమామ 1947 జులైలో మొదలైన దగ్గర్నుంచీ ఏడాది సంచికలన్నీ కలిపి బైండు చేయించడం ఎన్నో ఇళ్లలో ఆనవాయితీ. కామిక్స్‌కీ అదే మర్యాద జరిగింది. బైండింగు వాళ్లు పుస్తకాలన్నీ సమంగా పేర్చి, వెన్ను పక్కన మూడు నాలుగు చోట్ల ఆరతో (మొనదేలిన పనిముట్టు) పొడిచి దారంతో కుట్టి, మైదా జిగురు రాసి, చివరికి కటింగ్ మిషన్ మీద మూడు వైపులా ఒక్కో రవ్వ తెగ్గోస్తారు. చదువుకోవడానికి అంతకంటే మంచి పని లేదు. గ్రేడింగ్ లెక్కలో మాత్రం కుట్టు రంధ్రాలు లోపం, కోసిన అంచుకి ఊదా లేబుల్ పడొచ్చు. ఒకటి రెండు మిల్లీమీటర్లు కోసినా తెలిసిపోతుంది: అట్ట మీద బొమ్మ అంచు దాకా వచ్చేస్తుంది, పేజీల అంచులు పాత గోధుమరంగు బదులు లోపలి తెలుపు చూపిస్తాయి, కత్తి గాటు సన్నని చారలుగా కనబడుతుంది. బైండు విప్పి విడి సంచికలుగా పంపి, 'మేము కొయ్యలేదు, బైండరు కోశాడు' అని రాస్తే ఉపయోగం లేదు. ఎవరు కోశారన్నది వాళ్లకి పట్టదు, అంచు పోయిందా లేదా అన్నదే లెక్క. మా సలహా ఒకటే: బైండు పుస్తకాలని గ్రేడింగ్‌కి పంపొద్దు, విప్పొద్దు. అలా ఉంచితేనే వాటికి విలువ.

అద్దె పుస్తకాల షాపుల కాపీలది ఇంకో తంటా. చేతులు మారి చిరగకుండా షాపువాళ్లు అట్ట పక్కన అదనంగా రెండు మూడు పిన్నులు కొట్టేవారు, లోపల రబ్బరు ముద్ర వేసేవారు, వెన్నుకి సెల్లోటేపు అంటించేవారు. ఆ పిన్నులు పీకితే రంధ్రాలు మిగులుతాయి. టేపు పీకితే అట్ట పైపొర లేచివస్తుంది, పీకకపోతే జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది. ఏది చేసినా అంకె తగ్గుతుంది. కాబట్టి ఏదీ చేయకపోవడమే మంచిది. తుప్పు పట్టిన పిన్ను తీసి కొత్తది కొట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. తుప్పుకి తగ్గేది కొంతే, పిన్ను మారిస్తే నీలం లేబులే పోతుంది. వెన్ను మీద రంగు పోయిన చోట స్కెచ్ పెన్నుతో దిద్దడమూ అంతే. అతినీల కాంతి కింద ఆ చుక్క వేరే రంగులో కనబడుతుంది. ఊదా లేబుల్ వచ్చాక 'ఒక్క చుక్కేగా' అనే వాదన నిలవదు.

ఇక అసలు తగువు సంగతి. గ్రేడు మీద వచ్చే ఫిర్యాదులు మూడు రకాలు. మూడింటికీ దారులు వేరు, మూడూ కలిపి ఒకే ఉత్తరంలో రాస్తే ఏదీ తేలదు.

మొదటిది లేబుల్ తప్పు. దీన్ని కంపెనీలు యాంత్రిక పొరపాటుగా లెక్కేసి తమ ఖర్చు మీదే సరిచేస్తాయి. సంచిక నంబరు, సంవత్సరం, భాష, ముద్రణ, పేరు స్పెల్లింగ్, లేబుల్ మీద ఒక అంకె వెబ్‌సైట్‌లో ఇంకో అంకె, ఒక పుస్తకం లేబుల్ వేరే పుస్తకం పెట్టెకి అతికించడం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. మన దేశపు పుస్తకాలకి ఈ తప్పులు జరగడానికి వీలెక్కువ, ఎందుకంటే వీటి వివరాలు అమెరికా గ్రేడరుకి కొట్టిన పిండి కావు. ఇంద్రజాల్ కామిక్స్ 1964 మార్చిలో మొదలై 1990 దాకా వచ్చాయి. మొదట్లో వరుస నంబర్లే. 1980ల్లో సంపుటం, సంచిక పద్ధతికి మారారు. సంచిక నంబరు 5 అని కనిపిస్తే అది 1964 నాటిదా, 80ల నాటి ఏదో సంపుటంలో అయిదో సంచికా అన్నది చూసి తేల్చాలి. అమర్ చిత్ర కథ 1967లో వచ్చింది. ఇంగ్లిష్‌లో మొదటిది 'కృష్ణ', దాని నంబరు 11. మొదటి పది నంబర్లూ విదేశీ కథలవి. పైగా పాత నంబరుతోనే మళ్లీ మళ్లీ ముద్రించారు. మొదటి ముద్రణని నంబరు చూసి చెప్పలేం. అట్ట మీది ధర, వెనక అట్ట ప్రకటన, వచ్చిన పుస్తకాల జాబితా చూడాలి. ఆ జాబితాలో తర్వాతి ఏళ్ల పుస్తకాల పేర్లుంటే అది పునర్ముద్రణే. ఈ లెక్క మీరే ముందుగా రాసి, ముద్రణ వివరాలున్న పేజీ ఫొటోతో సహా పంపేటప్పుడే జతచేస్తే తప్పు జరిగే అవకాశం తగ్గుతుంది. జరిగినా మీ మాటకి ఆధారం ఉంటుంది.

రెండోది పెట్టెకి గానీ, పెట్టెలో ఉన్న పుస్తకానికి గానీ జరిగిన నష్టం. పెట్టె మూల పగలడం, లోపల వెంట్రుక, లోపలి ప్లాస్టిక్ అరలో పుస్తకం జారి ఒరిగిపోవడం. రవాణాలో కుదుపులకి పుస్తకం అర లోపలే కొట్టుకుని పిన్నుల దగ్గర చిన్న చిరుగులు రావచ్చు. మందమైన, చదరం వెన్ను పుస్తకాల్లో ఇది ఎక్కువ. నూనె చుక్క నీళ్లలో పడ్డప్పటి రంగుల వలయాలు కొన్ని పెట్టెల మీద కనబడతాయి. రెండు ప్లాస్టిక్ పొరలు తాకే చోట వెలుగు చేసే పని అది, వాటిని న్యూటన్ వలయాలంటారు. పుస్తకానికేం కాదు, గ్రేడుకీ సంబంధం లేదు. నష్టం నిజంగా రవాణాలో జరిగిందని నిలబెట్టాలంటే పార్సిల్ విప్పడం మొదలు నుంచి చివరి దాకా ఒకే వీడియో కావాలి: కొరియరు స్టిక్కరు చదవగలిగేలా, టేపు కోసిన క్షణం కనబడేలా, పెట్టె ముందు, వెనక, నాలుగు మూలలు, లేబుల్ మీది ధ్రువీకరణ నంబరు కనబడేలా, మధ్యలో ఎక్కడా ఆపకుండా. విప్పాక తీసిన ఫొటోలకి ఎవరూ విలువ ఇవ్వరు.

మూడోది అసలైనది: అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అంకె మాత్రం తక్కువ వేశారు. ఇక్కడ నిజం చెప్పాలి. గ్రేడు ఒక అభిప్రాయం. ప్రతి కంపెనీ తన నిబంధనల్లో ఆ మాట రాసుకుంటుంది, ఫారం మీద సంతకం పెట్టినప్పుడు మీరు దానికి ఒప్పుకున్నట్టే. అభిప్రాయం నచ్చలేదని అంకె దిద్దమని అడిగితే దిద్దరు. మీకున్న దారి మళ్లీ డబ్బు కట్టి మళ్లీ గ్రేడింగ్‌కి పంపడం. అది చేయాలా వద్దా తేల్చుకోవడానికే కింది పరీక్షలు.

ధ్రువీకరణ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో గ్రేడరు నోట్సు చూడండి. ఏ లోపం, ఎక్కడ, ఎంత అన్నది క్లుప్తంగా ఉంటుంది. అన్ని లోపాలూ రాయరు, అంకెని నిర్ణయించినవి రాస్తారు. ఆ నోట్సు పక్కన పెట్టుకుని చీకటి గదిలో ఒక్క బల్బు పక్కనుంచి పడేలా పెట్టి, పెట్టెని మెల్లగా తిప్పుతూ చూడండి. ఎదురు వెలుతురులో కనిపించని నొక్కులూ, వేలి గుంటలూ ఏటవాలు వెలుగులో నీడలు పడి లేస్తాయి. పదింతలు చూపే భూతద్దంతో వెన్నంతా పైనుంచి కిందికి చూడండి. వెన్ను మీద అడ్డగీతలు రెండు రకాలు. సిరా పొర చెదరనివి, సిరా పగిలి లోపలి తెల్ల కాగితం కనిపించేవి. గ్రేడరుకి ఈ తేడాయే ముఖ్యం. ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం 1970 నుంచి వస్తోంది, అందులోని స్థితి నిర్వచనాలే అందరికీ మూలం. దాని ప్రకారం వెరీ ఫైన్, అంటే 8.0 కాపీలో, రంగు పగలని పావు అంగుళం మడత చెల్లుతుంది. రంగు పగిలితే చెల్లదు. '9.4 రావాలి' అనేవాళ్ల పుస్తకాలు చాలావాటిలో కనిపించేది ఇదే: దూరం నుంచి అద్దంలా ఉంటుంది, భూతద్దం కింద వెన్ను మీద ఆరేడు తెల్ల గీతలు.

మీ చేత్తో మీరే అంకె వెయ్యకండి. ఎవరి పుస్తకం వాళ్లకి ముద్దు. పంపక ముందు తీసిన స్కానులు, అంకె చెప్పకుండా, పుస్తకాలు చూసి అలవాటున్న ఇద్దరికి ఇచ్చి విడివిడిగా అడగండి. ఇద్దరూ కంపెనీ అంకెకి ఒక మెట్టు లోపల ఉంటే తగువు అక్కడితో వదిలేయండి. ఇద్దరూ రెండు మెట్ల పైన చెప్తే, నోట్సులో రాసిన లోపం మీ స్కానులో లేకపోతే, అప్పుడు రెండు సంగతులు జరిగుండొచ్చు: వాళ్లు పొరపాటు పడ్డారు, లేదా ఇక్కణ్నుంచి అక్కడికి వెళ్లేలోపు పుస్తకం దెబ్బతింది. ఆ రెండోది తరచుగా జరుగుతుంది. మన నీటిగాలికి దాన్లో పెద్ద పాత్ర ఉంది.

డెల్టాలో ముసురు పట్టిన రోజుల్లో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. కాగితం నిల్వకి మంచిది 35 నుంచి 50 శాతం. న్యూస్‌ప్రింటు లోపలి పేజీలు చెమ్మ ఎక్కువ పీలుస్తాయి, నునుపు అట్ట తక్కువ. రెండూ వేరువేరుగా ఉబ్బడంతో పుస్తకం అలలు తేలుతుంది. ఆ పుస్తకాన్ని అలాగే గట్టిగా ప్యాక్ చేసి పంపితే, ఏసీ గదుల్లో ఆరే క్రమంలో అట్ట ముడతలు అలాగే బిగుసుకుంటాయి. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు ఉప్పుగాలికి పిన్నులు ఇంకా తొందరగా తుప్పు పడతాయి, ఆ తుప్పు మెల్లగా కాగితంలోకి పాకుతుంది. రామబాణం పురుగు అట్ట మీది నునుపు పొర గీకి తింటుంది, ఆ మచ్చ ఎదురుగా చూస్తే కనబడదు, వాలుగా చూస్తే చర్మం లేచినట్టుంటుంది. నాఫ్తలీన్ ఉండలు పెట్టెలో వేస్తే వాసన కాగితానికి పట్టి పోదు. వేపాకు పేజీల మధ్య పెడితే మరక. స్కూలు పుస్తకాలకి వేసే మెత్తని పీవీసీ అట్టలు కొన్నేళ్లకి జిడ్డుగా మారి సిరాని లాగేస్తాయి. వాటి బదులు మైలార్ గానీ పాలీప్రొపిలీన్ గానీ, ఆ ప్లాస్టిక్ సంచులు వాడాలి.

అందుకే పంపే పుస్తకాన్ని ఎండాకాలంలో, లేదా సంక్రాంతి తర్వాత గాలి పొడిబారిన రోజుల్లో సిద్ధం చేసుకోవడం మేలు. మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచులతో, చవకగా దొరికే తేమ మీటరు ఒకటి పెట్టి, 45, 50 శాతం మధ్య పది రోజులు నిలకడగా ఉంచండి. మరీ ఆరబెట్టొద్దు, పాత కాగితం పెళుసెక్కి మడత దగ్గర పగులుతుంది. ఎండలో మాత్రం పెట్టనే పెట్టొద్దు. తర్వాత రుజువులు: ముందు అట్ట, వెనక అట్ట 600 డీపీఐలో స్కాను, పక్కన మిల్లీమీటర్ల స్కేలు. స్కానరు మూత బరువుగా నొక్కకండి. వెన్ను నిలువునా మూడు ముక్కలుగా దగ్గరి ఫొటోలు. పిన్నులు బయట, లోపల. మధ్య పేజీలు. ముద్రణ వివరాల పేజీ. రెండు అట్టలూ ఏటవాలు వెలుగులో ఒక్కో ఫొటో, ఫ్లాష్ లేకుండా. ఇవన్నీ అయ్యాక ఒక కాగితం మీద లోపాలు రాయండి, ఒక వరుసకి ఒక లోపం: ఎక్కడ, ఎన్ని మిల్లీమీటర్లు, రంగు పగిలిందా లేదా. పేజీలు లెక్కపెట్టి ఆ సంఖ్యా రాయండి. చేతులు కడిగి తడి లేకుండా తుడుచుకుంటే చాలు, దూది గ్లౌజులు వేసుకుంటే పేజీ అంచు తగిలి చిరుగుతుంది.

ప్యాకింగ్‌లో పుస్తకం సంచిలో, వెనక గట్టి బోర్డు, సంచి మూత టేపు పుస్తకం తీసేటప్పుడు అట్టకి అంటుకోకుండా అంచు మడిచి అతికించాలి. ఈ టేపు అంటుకుని అట్ట చిరగడం వల్ల గ్రేడు పోయిన కాపీలకి లెక్క లేదు. దాన్ని పుస్తకం కంటే అన్ని వైపులా రెండు అంగుళాలు పెద్దవైన రెండు కార్డుబోర్డు ముక్కల మధ్య పెట్టి, ఒకదాని గాడులు నిలువుగా, రెండోదాని గాడులు అడ్డంగా ఉండేలా అంటించాలి. అప్పుడే వంగదు. బయట ఇంకో పెట్టె, చుట్టూ మెత్తని నింపుడు. కస్టమ్స్ కాగితాల మీద వస్తువు పేరు, సంచిక నంబరు, 'మదింపు కోసం పంపి తిరిగి తెప్పించుకునేది' అని స్పష్టంగా రాసి నకలు దాచుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు అది మన నుంచి వెళ్లిన వస్తువేనని చూపలేకపోతే కొత్తగా కొన్న సరుకులా పన్ను పడుతుంది. మీరు తీసిన స్కానులు అక్కడా పనికొస్తాయి.

ప్రెస్సింగ్ గురించి ఒక మాట. వేడి, ఒత్తిడితో నొక్కులు, అలలు సరిచేసే పని అది. సీజీసీ దాన్ని మరమ్మతుగా లెక్కించదు. రంగు పగలని నొక్కులే పోతాయి, రంగు పగిలిన గీత ఎన్నిసార్లు నొక్కినా పోదు. కాబట్టి గ్రేడరు నోట్సులో ఉన్నవన్నీ రంగు పగిలిన లోపాలైతే ప్రెస్ చేయించి మళ్లీ పంపినా అంకె పెరగదు. వేలి గుంటలు, అల, రంగు చెదరని వంపు ఉంటే ఆశ ఉంది. ఇంట్లో ఇస్త్రీ పెట్టెతో ఈ పని చేయకండి. ఇస్త్రీ పెట్టె వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. అట్ట నిగనిగ మారిపోతుంది, పిన్ను గుర్తు లోపలి పేజీల దాకా దిగుతుంది, సిరా ఎదురు పేజీకి అంటుతుంది. పైగా చెమ్మ నిండిన పుస్తకాన్ని నొక్కితే నాలుగు రోజుల్లో నొక్కు తిరిగి లేస్తుంది, ఒక్కోసారి గ్రేడరు చేతికి వెళ్లేలోపే.

మళ్లీ పంపాలని తేల్చుకున్నాక ఖర్చు లెక్క వేయండి. గ్రేడింగ్ రుసుము, రెండు వైపులా రవాణా, బీమా, కస్టమ్స్, ప్రెస్సింగ్. మీరు ఆశించే గ్రేడుకీ ఇప్పుడున్న గ్రేడుకీ మధ్య, నిజంగా అమ్ముడైన ధరల తేడా ఈ మొత్తానికి కనీసం మూడింతలు ఉంటేనే దిగండి. అమ్మకానికి పెట్టిన ధరలు చూడకండి, అమ్ముడైనవి చూడండి. రెండోసారి అంకె తగ్గే అవకాశం కూడా ఉంది, అది మరవకండి. పెట్టె మీరే పగలగొట్టాల్సి వస్తే మూల దగ్గర చదును స్క్రూడ్రైవరుతో బయటి ప్లాస్టిక్‌ని మాత్రమే విప్పి, లోపలి అర పై అంచు కత్తెరతో కోసి, అరని విప్పార్చి పుస్తకాన్ని బోర్డు మీదకి జార్చాలి. పట్టి లాగితే వెనక అట్ట మూల పోతుంది. పాత లేబుల్ పారేయకుండా కంపెనీకి తిరిగి పంపాలి, లేకపోతే వాళ్ల లెక్కల్లో ఒక్క పుస్తకమే రెండు కాపీలుగా కనబడి, అరుదైనదాని విలువ అందరికీ తగ్గుతుంది.

కంపెనీకి రాసే ఉత్తరం పది వరుసలు దాటకూడదు. ధ్రువీకరణ నంబరు, బిల్లు నంబరు, లేబుల్ మీద ఏముంది, ఏముండాలి, దానికి ఆధారమైన ఫొటో ఏది, మీరు కోరేది ఏమిటి. అంతే. లేబుల్ తప్పులకీ పెట్టె లోపాలకీ గడువు రోజుల్లో ఉంటుంది, నెలల్లో కాదు. పార్సిల్ అందిన రోజునే వాళ్ల నిబంధనల పేజీ చూసి రాసేయండి. వాళ్లు ఒప్పుకుని వాపసు నంబరు ఇచ్చేదాకా పెట్టె పంపకండి. అంకె మీద అసంతృప్తిని ఈ ఉత్తరంలో కలపకండి. కలిపితే, సులువుగా తేలే లేబుల్ తప్పు కూడా అభిప్రాయ భేదంగా పక్కకి పోతుంది.

గ్రేడు వేసిన పుస్తకం వేరొకరి దగ్గర కొన్నవాళ్ల సంగతి వేరు. 2023 చివర్లో సీజీసీ పెట్టెల్లోని పుస్తకాలు మార్చేసి అమ్మిన వ్యవహారం బయటపడింది, కంపెనీ అనుమానిత నంబర్ల జాబితా ప్రకటించింది. కాబట్టి కొనేముందు ధ్రువీకరణ నంబరు వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. అక్కడ ఫొటో ఉంటే వెన్ను మీది గీతలు, అట్ట అంచుల తీరు ఒక్కొక్కటీ పోల్చండి. పెట్టె అంచుల్లో తెల్లగా నలిగిన గుర్తులు, లోపలి అర ముడతలు అనుమానించాల్సినవి. మోసం జరిగిందని తేలితే, అమ్మినవాళ్లు వ్యాపారంగా అమ్మేవాళ్లైతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు, అమ్మకందారు ఊరికి వెళ్లక్కర్లేదు. సలహాకి 1915 నంబరు ఉంది. బిల్లు, చెల్లింపు రసీదు, అమ్మకం ప్రకటన స్క్రీన్‌షాటు, పార్సిల్ విప్పిన వీడియో జతచేయాలి.

పెట్టెలో ఉందిగదా అని బీరువా అడుగున, వాన గోడ పక్కన పెట్టేవాళ్లకి కూడా చెప్పాలి. ఆ పెట్టె గాలి చొరబడనిది కాదు. చెమ్మ లోపలికి పోతుంది, పిన్నులు లోపలే తుప్పు పడతాయి. కొన్నేళ్లకి ఆ తుప్పు చూపి కంపెనీని అడిగితే వాళ్లు వినరు, వినకపోవడం న్యాయమే. లోపలి గోడ వైపు, నేల నుంచి ఎత్తుగా, నిలువుగా, సిలికా జెల్‌తో ఉంచి, వానాకాలంలో నెలకోసారి ఆ జెల్ వేడిచేసి ఆరబెట్టుకోవాలి.

మీ పత్రికకి మా విన్నపం ఒకటుంది. ఫలానా కామిక్‌కి ఇన్ని లక్షలు వచ్చాయని వార్త వేసేటప్పుడు, ఆ కాపీ గ్రేడు ఎంత, లేబుల్ రంగు ఏది, ఎన్నో ముద్రణ అన్న మూడు వివరాలూ వేయండి. ఆ మూడూ లేని ధర చూసి అటక మీది పుస్తకాన్ని పోల్చుకునే పాఠకులు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు.

ఇట్లు,
పాత కామిక్స్ సేకరించే కొందరు పాఠకులు,
పాలకొల్లు, అమలాపురం, రాజమహేంద్రవరం